కుట్టు విడిపోయేది మూడో రోజు తర్వాత: కుక్కల పేగు ఆపరేషన్లపై పరిశోధనలు ఏం తేల్చాయి?

క్లుప్తంగా: కుక్క పేగును కోసి కుట్టిన తర్వాత లీకయ్యే ప్రమాదం ఎక్కువగా మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్యలో ఉంటుంది. దారాలు, కుట్లు, స్టేప్లర్లపై జరిగిన ప్రయోగాల్లో చాలావరకు ఆపరేషన్ రోజు ఉండే బలాన్నే కొలిచాయి. అసలు కేసుల రికార్డులు చూస్తే, అతుకు నిలబడటంలో కుట్టు పద్ధతి కంటే ఆపరేషన్ సమయానికి కుక్క పరిస్థితి, కణజాలం పరిస్థితి ఎక్కువగా లెక్కలోకి వస్తున్నాయి. పొట్ట మెలిపడకుండా చేసే గ్యాస్ట్రోపెక్సీ విషయంలో మాత్రం పరిశోధన చాలా స్పష్టమైన జవాబిచ్చింది.

సాక్సు, రబ్బరు బంతి, మొక్కజొన్న కండె, పండు టెంక, తాడు ముక్క. కుక్కలు మింగి పేగులో ఇరికించుకునే వస్తువులకు అంతుండదు. వాంతులు ఆగవు, ఎక్స్‌రేలోనో స్కానింగ్‌లోనో అడ్డంకి కనిపిస్తుంది, ఆపరేషన్ తప్పదంటారు. అప్పటికే టెన్షన్‌లో ఉన్నవాళ్లు సమాచారం కోసం వెతికితే గందరగోళం ఇంకా పెరుగుతుంది. స్టేప్లర్‌తో చేస్తే మేలని ఒకచోట ఉంటుంది, చేతి కుట్టే నయమని మరోచోట ఉంటుంది. కుట్టు విడిపోయే రేటు ఒక అధ్యయనంలో 3 శాతం దగ్గర ఉంటే ఇంకొకదాంట్లో 15 శాతం దాటుతుంది.

ఈ అంకెలన్నీ నిజమైన కేసుల నుంచి వచ్చినవే. ఏ కుక్కలను లెక్కించారు, ఏ దశలో లెక్కించారు, దేన్ని వైఫల్యం అన్నారు అనే దగ్గరే తేడా వస్తోంది. అది అర్థం కావాలంటే ముందు పేగు గోడ దగ్గరకు వెళ్లాలి.

పేగు గోడలో బలం ఎక్కడుంది

పేగు గోడకు నాలుగు పొరలుంటాయి. ఆహారం తగిలే లోపలి పొర మ్యూకోసా. దాని వెనక సబ్‌మ్యూకోసా, ఆ తర్వాత కండర పొర, అన్నిటికీ పైన పల్చటి సీరోసా. చూడటానికి కండర పొరే గట్టిదనిపిస్తుంది గానీ కుట్టును పట్టి నిలిపేది సబ్‌మ్యూకోసా. కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగులు అడ్డదిడ్డంగా అల్లుకుని ఉండటం వల్ల దారం లాగినా అది చిరగదు. ఒకప్పుడు ఆపరేషన్లలో వాడిన క్యాట్‌గట్ దారాన్ని గొర్రె పేగులోని ఈ పొరతోనే తయారుచేసేవారు.

ఈ సంగతి తేలడానికి ముక్కాలు శతాబ్దం పట్టింది, అదీ ఎక్కువగా కుక్కల ఒంటి మీద చేసిన ప్రయోగాలతోనే. గాయపడిన పేగు తనను తాను ఎలా బాగుచేసుకుంటుందో ఇంగ్లండ్‌కు చెందిన బెంజమిన్ ట్రావర్స్ 1812లో వివరించాడు. రెండు పేగు చివరల సీరోసాలు ఒకదానికొకటి తగిలేలా అంచులను లోపలికి మడిచి కుట్టాలని ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ లాంబేర్ 1826లో ప్రతిపాదించాడు. సీరోసా మీద ఊరే ఫైబ్రిన్ అనే ప్రొటీన్ కొన్ని గంటల్లోనే జిగురుగా మారి రంధ్రాన్ని మూసేస్తుందన్నది దాని వెనకున్న ఆలోచన. ఆ తర్వాత 1887లో అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ కుక్కల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను ప్రచురించాడు. సూది సబ్‌మ్యూకోసాను అందుకోకపోతే కుట్టు నిలవదని వాటితో రుజువైంది. మనుషుల పేగు ఆపరేషన్లు, జంతువుల పేగు ఆపరేషన్లు రెండూ నేటికీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. 1892లో షికాగో సర్జన్ జాన్ మర్ఫీ అసలు దారం పనే తగ్గించేశాడు. రెండు లోహపు ముక్కలను బొత్తాంలా ఒకదాంట్లో ఒకటి నొక్కితే పేగు చివరలు కలిసిపోతాయి, అతుకు మానాక ఆ బొత్తాం మలంతో బయటికి వచ్చేస్తుంది. పరికరంతో పేగు అతకడమనే ఆలోచన స్టేప్లర్ కంటే చాలా ముందే ఉందన్నమాట.

అంచులు లోపలికి మడవాలా, బయటికి తిప్పాలా, ఎదురెదురుగా సరిగ్గా ఆనించాలా అన్న వాదం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం సాగింది. లోపలికి మడిస్తే నీరు కారదు గానీ పేగు దారి ఇరుకవుతుంది, మడిచిన అంచుకు రక్తం తగ్గుతుంది. చిన్న కుక్కలో ఆ ఇరుకే మళ్లీ అడ్డంకిగా మారొచ్చు. బయటికి తిప్పితే మ్యూకోసా ఉదరంలోకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి వాపు, చుట్టుపక్కల అతుక్కుపోవడం ఎక్కువ. పొరకు పొర సరిగ్గా ఎదురుపడితే సబ్‌మ్యూకోసాల మధ్య రక్తనాళాలు త్వరగా కలుస్తాయి. కుక్కల్లో ఇప్పుడు దాదాపు అందరూ పాటించేది ఈ మూడో పద్ధతే. 3-0 లేదా 4-0 సైజు, ఒంట్లో కరిగిపోయే ఒంటిపోగు దారం తీసుకుంటారు. అంచు నుంచి 2, 3 మిల్లీమీటర్ల లోపల సూది దించుతారు, కుట్టుకూ కుట్టుకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్లు వదులుతారు. కుట్లు విడివిడిగా వేసినా ఒకే దారంతో వరసగా వేసినా ఫలితంలో పెద్ద తేడా లేదని 1990ల కేసులను పరిశీలించినవారు తేల్చారు.

ఇదంతా చదవడానికి తేలికే. చేసేటప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేగుకు రక్తనాళాలు వచ్చి చేరే అంచు, అంటే మెసెంటరీ అంటుకుని ఉండే వైపు. అక్కడ కొవ్వు పేగు గోడను కప్పేస్తుంది. సూది గోడలోకి దిగిందో, కొవ్వులోకి మాత్రమే దిగిందో కంటికి కనిపించదు. అందుకే అనుభవం ఉన్న సర్జన్ ఆ కొవ్వును కొంచెం పక్కకు తప్పించి మొదటి కుట్టు అక్కడే వేస్తాడు. మింగిన తాడు పేగును కుచ్చిళ్లు పెట్టినట్టు ముడుచుకుపోయేలా చేసి, ఆ బిగువుతో గోడను కోసేసేది కూడా ఈ వైపే. తాడు లాంటి పొడవాటి వస్తువులు మింగిన కేసుల్లో పేగు ముక్క తీసేయాల్సి రావడం, ఉదరంలో ఇన్ఫెక్షన్ పాకడం ఎక్కువ కావడానికి కారణం ఇదే.

మొదటి ఐదు రోజులు

పేగు గాయం చర్మం గాయం కంటే త్వరగా మానుతుంది. రెండు వారాలకే బలంలో చాలా భాగం తిరిగి వస్తుంది. ఆ రెండు వారాల్లో బలం ఒకే తీరుగా పెరుగుతూ పోదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మొదటి మూడు నాలుగు రోజుల్లో కొత్త కొల్లాజెన్ ఇంకా తయారు కాదు. పైగా వాపు వల్ల చేరిన తెల్లకణాలు కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను వదులుతాయి. చచ్చిన కణజాలాన్ని తొలగించడానికి అది అవసరమే. కానీ అదే ఎంజైము కుట్టు పట్టుకుని ఉన్న సబ్‌మ్యూకోసా అంచును కూడా మెత్తబరుస్తుంది. అంటే ఆపరేషన్ పూర్తయిన క్షణంలో ఉన్న బలం ఆ తర్వాతి రోజుల్లో తగ్గుతుంది. దారం తెగదు, ముడి ఊడదు. దారం పట్టుకున్న గోడే జారిపోతుంది. కుక్కల్లో పేగు కుట్టు విడిపోవడం ఎక్కువగా మూడు నుంచి ఐదు రోజుల మధ్య జరగడం ఇందుకే. నాలుగో రోజు ప్రాంతంలో కొల్లాజెన్‌ను తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలు పని అందుకుంటాయి, కొత్త కొల్లాజెన్ పేరుకోవడం మొదలవుతుంది, అక్కడి నుంచి బలం వేగంగా పెరుగుతుంది.

పెద్దపేగులో ఈ బలహీన దశ ఇంకాస్త పొడవు. అక్కడ బ్యాక్టీరియా ఎక్కువ, కొల్లాజెన్‌ను కరిగించే చర్య ఎక్కువ, రక్తం అందించే చిన్న నాళాలు తక్కువ, దాటి వెళ్లేది గట్టి మలం. అందుకే పెద్దపేగును కోయాల్సి వస్తే సర్జన్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

దారం ఎంపిక కూడా ఈ కాలపట్టికతోనే ముడిపడి ఉంది. పాలీడయాక్సనోన్ దారం బలం కొన్ని వారాల పాటు నిలుస్తుంది, పూర్తిగా కరగడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. పోలిగ్లెకాప్రోన్ అంతకన్నా త్వరగా బలం కోల్పోతుంది, అయినా ప్రమాదకరమైన వారాన్ని దాటించగలదు. క్యాట్‌గట్ మాత్రం జీర్ణరసాలు తగిలిన చోట, ఇన్ఫెక్షన్ ఉన్న చోట అనుకున్న దానికంటే చాలా ముందే కరిగిపోవచ్చు. పేగు పనికి దాన్ని పక్కన పెట్టడం సరైన నిర్ణయం.

ప్రయోగశాలలో కొలిచేది ఏ రోజు బలం?

ఈమధ్య వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ భాగం చనిపోయిన కుక్కల నుంచి సేకరించిన పేగు ముక్కల మీద జరిగినవే. ఒక ముక్కను కోసి, ఎంచుకున్న పద్ధతిలో కుట్టి, లోపలికి నెమ్మదిగా సెలైన్ ఎక్కిస్తారు. మొదటి చుక్క ఎంత ఒత్తిడి దగ్గర బయటికి వచ్చింది, గోడ ఎంత దగ్గర పగిలింది అని చూస్తారు. బతికున్న కుక్కకు ఇందులో ఏ బాధా లేదు. ప్రయోగాల్లో జంతువుల వాడకాన్ని తగ్గించాలని, వీలైతే మానుకోవాలని, తప్పనిచోట బాధ తగ్గించాలని 1959లో రస్సెల్, బర్చ్ సూత్రీకరించారు. ఆ మార్గంలో ఇది మంచి మార్పే. పైగా పరిస్థితులన్నీ ఒకేలా ఉంచి రెండు పద్ధతులను పోల్చే వీలుంటుంది.

అయితే ఆ ముక్కలో రక్తం ప్రవహించదు, వాపు రాదు, ఎంజైములు రావు, ఫైబ్రిన్ ఊరదు. అక్కడ తేలేది సున్నా రోజు బలం మాత్రమే. పేగు కదలికల సమయంలో లోపల ఏర్పడే గరిష్ఠ ఒత్తిడి సుమారు 25 మిల్లీమీటర్ల పాదరసం అని లెక్కిస్తారు. ఏ పద్ధతి అయినా సరిగ్గా వేస్తే మొదటి రోజు ఆ హద్దు దాటడం అంత కష్టం కాదు. ఒక పద్ధతి దానికి రెండు రెట్లు, మరొకటి మూడు రెట్లు తట్టుకుందని తేలినా, నాలుగో రోజున ఏది నిలుస్తుందో ఆ తేడా చెప్పదు. మరీ నాసిరకం పద్ధతులను ముందే ఏరి పారేయడానికి ఈ ప్రయోగాలు బాగా పనికొస్తాయి. రెండు మంచి పద్ధతుల మధ్య విజేతను ప్రకటించడానికి వాడితే మాత్రం తప్పుదారి పట్టిస్తాయి.

ఆపరేషన్ బల్ల మీద చేసే లీకు పరీక్షకూ ఇదే పరిమితి ఉంది. కుట్టిన చోటుకు రెండు వైపులా పేగును వేళ్లతో మూసి, మధ్యలోని 10 సెంటీమీటర్ల భాగంలోకి సన్నటి సూదితో సెలైన్ ఎక్కిస్తారు. వేళ్లతో మూస్తే 16 నుంచి 19 మిల్లీలీటర్లు, పేగును నలపకుండా పట్టే డోయెన్ ఫోర్సెప్స్ అనే పట్టకారుతో మూస్తే 12 నుంచి 15 మిల్లీలీటర్లు ఎక్కిస్తే ఒత్తిడి పైన చెప్పిన గరిష్ఠ స్థాయికి చేరుతుందని 2010 నాటి కొలతలు చెబుతున్నాయి. అంతకుమించి ఎక్కిస్తే మంచి కుట్టు కూడా కారుతుంది. చుక్క కనిపించిన చోట ఇంకో కుట్టు వేస్తారు. ఇది పనికొచ్చే అలవాటే అనిపిస్తుంది. కానీ 131 కేసులను వెనక్కి వెళ్లి పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, లీకు పరీక్ష చేసినంత మాత్రాన తర్వాత కుట్టు విడిపోవడం తగ్గినట్టు కనిపించలేదు. బల్ల మీద దొరికేది సూది తప్పిన చోటు. నాలుగో రోజు మెత్తబడబోయే గోడ ఆ పరీక్షకు దొరకదు.

చేతి కుట్టా, స్టేప్లరా?

స్టేప్లర్‌తో చేసే అతుకు ఆకారమే వేరు. రెండు పేగు చివరలను పక్కపక్కన ఉంచి, ఒక పరికరంతో మధ్య గోడను కోస్తూ అటూ ఇటూ స్టేపుల్స్ దించుతారు. తర్వాత తెరిచి ఉన్న మూతిని అడ్డంగా మరో వరస స్టేపుల్స్‌తో మూసేస్తారు. దారి వెడల్పుగా వస్తుంది, అడ్డంకికి పైన ఉబ్బిపోయిన పేగుకూ కింద సన్నగా ఉన్న పేగుకూ ఉన్న సైజు తేడా ఇబ్బంది పెట్టదు, సమయం కలిసొస్తుంది. షాక్‌లో ఉన్న కుక్కకు మత్తు సమయం తగ్గడం చిన్న విషయం కాదు. మూసుకున్న స్టేపుల్ ఇంగ్లిష్ అక్షరం బి ఆకారంలో ఉంటుంది. ఆ సందుల్లోంచి సన్న రక్తనాళాలు నడుస్తాయి కాబట్టి అంచు చచ్చిపోదు.

పరికరానికి హద్దులున్నాయి. ఎక్కువగా వాడే నీలం రకం స్టేపుల్ కాలి ఎత్తు 3.5 మిల్లీమీటర్లు, మూసుకున్నాక 1.5. ఆకుపచ్చ రకం 4.8 నుంచి 2 మిల్లీమీటర్లకు మూసుకుంటుంది. పేగు గోడ నీరు పట్టి ఉబ్బి ఉంటే చిన్న స్టేపుల్ దాన్ని నలిపేస్తుంది. గోడ పల్చగా ఉంటే పెద్దది వదులుగా మిగులుతుంది. చిన్న కుక్కల పేగులోకి పరికరం చివర దూరదు కూడా. విడిపోయిన కేసుల్లో లోపం ఎక్కువగా కనిపించేది మూతిని అడ్డంగా మూసిన వరసలో. ఆ వరస మీద దారంతో మరోసారి కుట్టిన కుక్కల్లో విడిపోవడం తక్కువని 77 కుక్కల మీద జరిగిన సమీక్ష ఒకటి చూపింది.

మరి చేతి కుట్టుతో పోలిస్తే? 2016లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో రెండిటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2018లో 210 అతుకులను పరిశీలించిన మరో అధ్యయనం ప్రశ్నను కొంచెం మార్చి అడిగింది. ఆపరేషన్‌కు ముందే ఉదరంలో ఇన్ఫెక్షన్ పాకి ఉన్న కుక్కలను, లేని కుక్కలను వేరు చేసి చూసింది. ఇన్ఫెక్షన్ లేనివాటిలో పద్ధతిని బట్టి ఫలితం మారలేదు. ఇన్ఫెక్షన్ ఉన్నవాటిలో మాత్రం చేతి కుట్లే ఎక్కువగా విడిపోయాయి. రెండు ఫలితాలను కలిపి చదివితే, స్టేప్లర్ అన్ని కుక్కలకూ మేలు అనడానికి ఆధారం లేదు. పరిస్థితి అప్పటికే చెడిన కుక్కకు అది కొంత మేలు చేయొచ్చు.

ఇక్కడ అంకెల పరిమితి గురించి చెప్పుకోవాలి, ఎందుకంటే చాలా వాదనలు ఇక్కడే దారి తప్పుతున్నాయి. ఒక పద్ధతిలో 12 శాతం, ఇంకో పద్ధతిలో 8 శాతం కుట్లు విడిపోతాయనుకుందాం. వైద్యపరంగా అది పెద్ద తేడానే, వందలో నాలుగు కుక్కల ప్రాణాల మీదికి వచ్చే మాట. ఆ తేడా యాదృచ్ఛికం కాదని గణాంకశాస్త్రం మామూలుగా కోరే ప్రమాణాలతో నిరూపించాలంటే ఒక్కో గుంపులో దాదాపు 880 కుక్కలు కావాలి. ఒక్క ఆసుపత్రే అన్నేసి కేసులను సేకరించాలంటే దశాబ్దాలు పడుతుంది. కాబట్టి వంద, రెండు వందల కుక్కల అధ్యయనం తేడా కనిపించలేదు అన్నప్పుడు, తేడా లేదు అని చదువుకోకూడదు. పైగా ఇవన్నీ పాత రికార్డులు తిరగేసి చేసినవి. ఏ కుక్కకు ఏ పద్ధతి అన్నది సర్జన్ అప్పటికప్పుడు ఎంచుకున్నదే, చీటీ తీసి నిర్ణయించినది కాదు. పెద్ద కుక్కకు, ఎక్కువ అనుభవం ఉన్న సర్జన్ చేతిలో, ఖర్చు భరించగల ఇంటివారి కేసులో స్టేప్లర్ ఎక్కువగా వాడి ఉంటే, కనిపించే తేడా పరికరానిది కాకపోవచ్చు.

పిల్లుల విషయంలో ప్రచారంలో ఉన్న ఒక నమ్మకం కూడా ఇలాంటిదే. పేగు అతుకులపై 2003లో ప్రచురితమైన 115 కేసుల సమీక్షలో 90 కుక్కలకు గాను 13 కుక్కల్లో లీకైంది, 25 పిల్లుల్లో ఒక్కదానికీ కాలేదు. పిల్లి పేగు లీకవదని కొందరు దీన్ని చదువుకున్నారు. ఇరవై అయిదింటిలో సున్నా వచ్చినప్పుడు అసలు రేటు 12 శాతం దాకా ఉన్నా ఆశ్చర్యం లేదు. కుక్కల్లో వచ్చిన 14 శాతానికి అది పెద్ద దూరం కాదు.

కత్తి పెట్టకముందే తెలిసే సంగతులు

ఆ 2003 సమీక్షలో అసలు విలువైనది వేరే ఉంది. లీకైన కుక్కల్లో ముందే కనిపించిన లక్షణాలు మూడు. ఆపరేషన్ నాటికే పెరిటొనైటిస్ (ఉదరంలో పాకిన ఇన్ఫెక్షన్) ఉండటం, పేగులో బయటి వస్తువు ఇరుక్కుని ఉండటం, రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ డెసిలీటర్‌కు 2.5 గ్రాములు లేదా అంతకంటే తక్కువ ఉండటం. వీటిలో రెండైనా ఉన్న కుక్కలు లీకు ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న గుంపులో పడ్డాయి. 2011లో దాదాపు రెండు వందల కుక్కల జీర్ణకోశ ఆపరేషన్లను చూసిన మరో బృందం కూడా ముందున్న ఇన్ఫెక్షన్, తక్కువ ప్రొటీన్, ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోవడం వంటివాటినే పట్టి చూపింది.

మూడో రోజు కథతో ఇవి చక్కగా కలుస్తాయి. ఇన్ఫెక్షన్ ఉన్న ఉదరంలో తెల్లకణాలు ఎక్కువ, కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములూ ఎక్కువ. బీపీ పడిపోతే శరీరం గుండెకు, మెదడుకు రక్తం మళ్లించి పేగుకు తగ్గిస్తుంది. ఆక్సిజన్ లేకుండా కొత్త కొల్లాజెన్ తయారవదు. ఇరుక్కున్న వస్తువు పక్కనున్న గోడను ఒత్తి ఒత్తి రక్తం ఆపేస్తుంది. అక్కడ ఏది చచ్చిన కణజాలమో, ఏది బతికున్నదో రంగు, నాడి, కదలిక చూసి సర్జన్ అంచనా వేయాలి. ఆ అంచనా తప్పి నాసిరకం అంచుల మీద కుట్టు వేస్తే ఎంత అందమైన కుట్టయినా నిలవదు. రక్తనాళంలోకి ఎక్కించిన ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును ప్రత్యేక కెమెరాతో చూసి రక్తప్రసరణ ఎక్కడిదాకా ఉందో గుర్తించే పద్ధతిని కుక్కల్లోనూ పరీక్షిస్తున్నారు. కొత్త దారాల కంటే ఇలాంటి పనే ఎక్కువ ఆశ కలిగిస్తోంది.

అల్బుమిన్ సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. అది తక్కువగా ఉంటే కణజాలం నీరు పడుతుంది, మానడం మందగిస్తుంది అన్నది ఒక వివరణ. తీవ్రమైన వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కాలేయం అల్బుమిన్ తయారీ తగ్గించి వేరే ప్రొటీన్లకు మళ్లుతుంది, రక్తనాళాల నుంచి కూడా అది కారిపోతుంది. అంటే తక్కువ అల్బుమిన్ జబ్బు తీవ్రతకు గుర్తు మాత్రమే కావచ్చన్నది రెండో వివరణ. రెండోదే నిజమైతే ప్లాస్మా ఎక్కించి అంకెను పెంచినంత మాత్రాన అతుకు గట్టిపడదు. పైగా పెద్ద కుక్కలో ఆ అంకెను కొద్దిగా కదిలించడానికే చాలా ప్లాస్మా కావాలి. పెరిటొనైటిస్‌ను త్వరగా పట్టుకుని త్వరగా చికిత్స చేయడం మాత్రం రెండు వివరణల ప్రకారమూ మేలే.

అతుకు చుట్టూ ఓమెంటం చుట్టడం ఇందుకే పనికొస్తుంది. పేగుల మీద కొవ్వు పొరలా పరుచుకుని ఉండే ఆ కణజాలం కొత్త రక్తనాళాలను, రోగనిరోధక కణాలను తెచ్చిపెడుతుంది, చిన్న లీకును అంటుకుని మూసేస్తుంది. అనుమానం ఎక్కువగా ఉంటే పక్కనున్న ఆరోగ్యకరమైన పేగు మడతను తెచ్చి అతుకు మీద ఆనించి కుడతారు.  రెండూ ఆపరేషన్ తర్వాతి రోజుల్లో అతుకుకు తోడవుతాయి.

పొట్ట మెలిపడటం: జవాబు దొరికిన చోట

పెద్ద జాతి, లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో పొట్ట గాలితో ఉబ్బి తన చుట్టూ తాను తిరిగిపోయే అత్యవసర పరిస్థితి ఉంది. గంటల్లో ప్రాణం తీస్తుంది. ఆపరేషన్ చేసి పొట్టను సరిచేసి వదిలేస్తే చాలా కుక్కల్లో మళ్లీ తిరుగుతుంది, కొన్ని నివేదికల్లో సగానికి పైగా కుక్కల్లో. పొట్ట చివరి భాగాన్ని కుడివైపు ఉదర గోడకు శాశ్వతంగా అతికించే గ్యాస్ట్రోపెక్సీ చేస్తే మళ్లీ మెలిపడటం కొద్ది శాతానికి పడిపోతుంది. ఇంత పెద్ద తేడాను చూపడానికి వందల కుక్కలు అక్కర్లేదు.

సాధారణంగా చేసేది కోతతో చేసే గ్యాస్ట్రోపెక్సీ, క్లుప్తంగా పెక్సీ. పొట్ట పై పొరల మీద, చివరి పక్కటెముక వెనకున్న ఉదర కండరం మీద నాలుగైదు సెంటీమీటర్ల కోతలు పెట్టి అంచులను కలిపి కుడతారు. కండరానికి కండరం తగిలి మచ్చ కణజాలం ఏర్పడుతుంది. కుట్టు చేసే పని ఆ మచ్చ పడేదాకా పట్టి ఉంచడమే. పెక్సీ ఉబ్బడాన్ని ఆపదు, తిరగడాన్ని మాత్రమే ఆపుతుంది. ఈ తేడా తెలియక ఉబ్బిన పొట్టను నిర్లక్ష్యం చేస్తే ప్రమాదమే.

జబ్బు రాకముందే పెక్సీ చేయించాలా అన్నదానికి 2003లో వచ్చిన విశ్లేషణ జాతిని బట్టి సమాధానమిచ్చింది. ఈ ఆపరేషన్ వల్ల పొట్ట మెలిపడి చనిపోయే ప్రమాదం రాట్‌వైలర్లలో సుమారు 2.2 రెట్లు, గ్రేట్ డేన్లలో 29.6 రెట్లు తగ్గుతుందని అంచనా వేసింది. గ్రేట్ డేన్ ఉన్నవారికి ఈ ఒక్క అంకె చాలు, కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే దీని గురించి వైద్యుణ్ణి అడగడానికి. ఉదరంలోకి సన్నటి కెమెరా పంపి చూసే ల్యాపరోస్కోపీ సాయంతో చిన్న కోతతోనే చేయొచ్చు.

మెలిపడిన కుక్క బతికే అవకాశం రక్తంలోని లాక్టేట్ (కణజాలానికి ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే పదార్థం) స్థాయిని బట్టి అంచనా వేయొచ్చని 1999లో 102 కుక్కల అధ్యయనం చూపింది. లీటర్‌కు 6 మిల్లీమోల్‌ల కంటే తక్కువున్నవాటిలో 99 శాతం బతికాయి, ఎక్కువున్నవాటిలో 58 శాతం. ఈ అంకెను చూసి ఎక్కువున్న కుక్కను వదులుకోవడం తప్పు. సగానికి పైగా బతికాయి కదా. ద్రవాలు ఎక్కించిన తర్వాత లాక్టేట్ ఎంత దిగిందన్నది ఇంకా మంచి సూచన అని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

ఇంటికి పంపాక

పేగు ఆపరేషన్ అయిన కుక్కను రెండో రోజునో మూడో రోజునో ఇంటికి పంపుతారు, అంటే సరిగ్గా ప్రమాద కాలం మొదలయ్యేటప్పుడు. ముందురోజు తిన్న కుక్క హఠాత్తుగా తిండి మానేయడం, మళ్లీ వాంతులు, జ్వరం, మూలన ముడుచుకుని పడుకోవడం, ముట్టుకుంటే పొట్ట బిగపట్టడం కనిపిస్తే మందుల ప్రభావం అనుకుని ఎదురు చూడకూడదు, ఆ గంటలోనే వైద్యుడికి చెప్పాలి. పేగుకు విశ్రాంతి పేరుతో రోజుల తరబడి పస్తు ఉంచే పాత అలవాటు కూడా ఇప్పుడు పోతోంది. పేగు లోపలి కణాలు తమకు కావాల్సిన పోషణలో చాలా భాగం నేరుగా ఆహారం నుంచే తీసుకుంటాయి. వాంతులు లేకపోతే ఒక రోజులోపే కొంచెం కొంచెంగా పెట్టడం మొదలుపెడతారు.

అనుమానం వస్తే ఉదరంలోని ద్రవాన్ని సూదితో తీసి చూస్తారు. రక్తంలోని గ్లూకోజ్ కంటే ఆ ద్రవంలోని గ్లూకోజ్ డెసిలీటర్‌కు 20 మిల్లీగ్రాములకు మించి తక్కువగా ఉంటే బ్యాక్టీరియా తినేస్తున్నట్టు లెక్క. ఈ పరీక్ష ఆపరేషన్‌కు ముందు బాగా పనిచేస్తుంది. డ్రెయిన్ గొట్టం పెట్టిన కుక్కలో ఆపరేషన్ తర్వాత దీన్ని నమ్మలేం. ఇన్ఫెక్షన్ లేని కుక్కల డ్రెయిన్ ద్రవంలో కూడా అంకెలు తారుమారు కావడం పరిశోధకులు గమనించారు. అప్పుడు మైక్రోస్కోపు కింద తెల్లకణాల లోపల బ్యాక్టీరియా కనిపిస్తోందా అని చూడటం, కుక్క తీరును గమనించడమే దారి.

అంకెల్లోకి రాని మరణాలు

కుట్టు విడిపోయిన కుక్కల్లో సగానికి పైగా చనిపోతాయని పాత సమీక్షలు చెబుతాయి. ఆ అంకెలో మనుషుల వైద్యంలో లేని ఒక భాగం ఉంది. రెండోసారి ఆపరేషన్‌కు ఖర్చు భరించలేక, లేదా కుక్క బాధ చూడలేక కారుణ్య మరణానికి ఒప్పుకున్న కేసులు కూడా అందులోనే కలిసిపోతాయి. జబ్బు చంపిన కుక్క, చికిత్స ఆపేసిన కుక్క ఒకే గడిలో పడితే, రెండో ఆపరేషన్‌తో నిజంగా ఎంత అవకాశం ఉందో ఆ లెక్క చెప్పదు. నిర్ణయం తీసుకునే ఇంటివారికి చూపేది మాత్రం ఆ అంకెనే. ఇంకోవైపు, ఇంట్లోనే చనిపోయి పోస్ట్‌మార్టం జరగని కుక్కలు చాలా అధ్యయనాల్లో లీకు కింద నమోదు కావు. మొదట్లో చూసిన 3 శాతం, 15 శాతం తేడాలో కొంత ఇక్కడి నుంచే వస్తోంది.

దీన్ని సరిచేయడానికి కావాల్సినవి కొత్త పరికరాలు కావు. కుట్టు విడిపోవడం అంటే ఏమిటో అన్ని ఆసుపత్రులూ ఒకే నిర్వచనం పాటించడం, కారుణ్య మరణాలను కారణంతో సహా విడిగా రాయడం, ప్రతి కుక్కనూ కనీసం రెండు వారాలు అనుసరించడం, చాలా ఆసుపత్రుల కేసులను ఒకచోట చేర్చడం కావాలి. ఒక్కో గుంపులో 880 కుక్కలు అలా కలిస్తేనే దొరుకుతాయి.